ఏడో ముక్క

వేడెక్కిన ఫోను చెంపకు తగిలితే ఇప్పటికీ కోదాడలోని మా ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ గుర్తొస్తుంది. 2013లో చివరి సంవత్సరం ప్రాజెక్టుకు యాదగిరి సార్ మా గైడ్. ఫలితాలు వచ్చే రోజు అందరం ఒకేసారి నెట్ తెరిస్తే టవర్ మొరాయించేది. దానికి సార్ ఒక ఉపాయం ఆలోచించారు. పెద్ద ఆడియో ఫైలును పన్నెండు ముక్కలు చేయాలి. పన్నెండు ఫోన్లు తలా ఒక ముక్కే టవర్ నుంచి దించుకోవాలి. మిగతా పదకొండూ పక్కవాళ్ల ఫోన్ల నుంచి బ్లూటూత్‌లో తెచ్చుకోవాలి. విన్న తర్వాత అరువు ముక్కలు వాటంతటవే చెరిగిపోతాయి. ఎవరి ముక్క వారి దగ్గర ఉంటుంది.

"మొత్తం దాసుకుంటే ఏమైతది సార్?" అన్నాడు రమేష్.

"దాసుకుంటె పక్కోనితోటి పనేముంటదిరా? అడుగుడు అలవాటు కావాలె."

ఆ ఉపాయం పనిచేస్తుందో లేదో చూడటానికి సార్ తన పాఠాన్నే రికార్డు చేసి నెట్‌లో పెట్టారు. పని అయ్యాక తీసేశారు. నాకు వచ్చింది ఏడో ముక్క. ఒంటరిగా అది మోగదు. మెమరీ కార్డు నిండగానే చెత్త అనుకుని చెరిపేశాను.

నెల తిరక్కముందే సూర్యాపేట దగ్గర హైవే మీద లారీ సార్ బండిని గుద్దింది. ఆయనతో పాటు ఫోనూ పోయింది.

మిర్యాలగూడలో వాళ్లింటికి పరామర్శకు వెళ్తే, సార్ భార్య సుగుణమ్మ గారు అడిగారు. "ఫోటోలు మస్తున్నయి బిడ్డా. ఆయన గొంతు ఏమన్న ఉన్నదా మీ దగ్గర?"

మరుసటి ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లోనే పన్నెండు ఫోన్లూ చాప మీద వరుసగా పెట్టాం. పదకొండు ముక్కలే చేరాయి.

"ఏడు నీదేగదరా?" అన్నాడు రమేష్.

"కార్డు ఖరాబైందిరా."

"పోనీ బిడ్డా, ఉన్నదే పెట్టుండ్రి" అన్నారామె.

ఏడో ముక్క ఉండాల్సిన చోట ముప్పై సెకన్ల నిశ్శబ్దం వదిలి మిగతాది అతికించాం. సార్ గొంతు గదిని నింపింది. ఆరో ముక్క అయిపోయింది. ఖాళీ చోటు మొదలైంది. ఆమె చటుక్కున చెయ్యెత్తారు.

"ఇగో, గీడ నవ్విండు సూడు. ఎవర్నో ఏడిపిస్తుండు."

 రికార్డు చేసిన రోజు పాఠం మధ్యలో నేను ఆవులించాను. "ఏందిరా, నీ టవర్ పడిపోయిందా?" అని సార్ పగలబడి నవ్వారు. అది ఏడో ముక్కలోనే ఉండేది. ఆ మాట ఆమెకు ఎవరమూ చెప్పలేదు.

"నీకు వినపడలేదా బిడ్డా?"

"వినపడింది మేడమ్" అన్నాను.

అతికించిన ఆ పాఠం కాపీ ఒకటి నా దగ్గరా ఉంది. అప్పుడప్పుడు పెట్టుకుంటాను. ఆరో ముక్క చివరికి రాగానే ఆపేస్తాను. నాకూ వినపడుతుందేమోనని భయం.