ట్రాక్టర్ ముక్కుకు కొక్కెం

మా మామకు నా ట్రాక్టర్ అంటే మొదటినుంచీ చిన్నచూపే. మా పెద్ద ట్రాక్టర్ పక్కన నిలబెడితే బర్రె పక్కన దూడలా ఉంటుంది మరి. ఇంటికి వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి "మా కోడలి ఆటబొమ్మ" అని నవ్వేవాడు. వాళ్లూ నవ్వేవాళ్లు. నేను చాయ్ గ్లాసులు వాళ్ల ముందు కాస్త చప్పుడయ్యేలా పెట్టేదాన్ని.

నాకు మాత్రం ఆ బండి అంటే ప్రాణం. కుకునూరుపల్లి దగ్గర మాకున్న చెలకలో బంతి, చామంతి వేసినప్పుడు సాళ్ల మధ్య దున్నడానికి కొన్నాం. డ్రైవర్ దొరక్క నేనే నేర్చుకున్నాను. ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా సైకిల్ కూడా తొక్కని మనిషిని. మొదటిరోజు క్లచ్ వదలగానే బండి ఎగిరి దూకింది. నేను అరిచాను, అరుస్తూనే నవ్వాను. ఆ తర్వాత రెండేళ్లపాటు నా పొద్దు ఆ సీటు మీదే తెల్లారింది.

మాది ప్రజ్ఞాపూర్‌లో టెంట్ హౌస్. పెళ్లికి కావలసిన పందిరి, వంటపాత్రలు, నీళ్ల ట్యాంకరు, జనరేటరు అన్నీ మా దగ్గర కిరాయికి దొరుకుతాయి. వ్యాపారం పెరిగి చేతులు చాలక, పోయిన ఏడు మామ చెలకను కౌలుకు ఇచ్చేశాడు. నన్ను దుకాణంలో బుకింగులు రాసుకొమ్మన్నాడు. నా బండి రేకుల కింద ఊరికే నిలబడిపోయింది. నేను రోజూ దాన్ని తుడిచేదాన్ని.

చివరికి మామ ఎర్రవల్లి వైపు రైతు ఒకాయనతో బేరం కుదిర్చాడు. శ్రావణం మొదటి ఆదివారం సాయంత్రం వచ్చి బండిని తీసుకుపోతాడట. రెండు రోజులు మామతో పోట్లాడాను. మామ కోప్పడలేదు, అదే నాకు ఇంకా మంటెక్కించింది.

"పని లేని బండిని ఎన్ని దినాలు తుడుసుకుంట కూసుంటవ్ బిడ్డా? మన ఇంట్ల దానికేం పని ఉన్నది, నువ్వే చెప్పు" అన్నాడు.

 నోటిదురుసు మనిషినని పేరున్నదాన్ని, గుడ్డ తీసుకుని పోయి బండిని ఇంకోసారి తుడిచాను.

ఇక్కడ మా గేటు సంగతి చెప్పాలి. సామాన్ల ట్రాలీలు పెట్టే మా జాగకు తూర్పున రోడ్డు ఉంది. ఆ తూర్పు గోడకు ఆగ్నేయం మూల గేటు ఉండేది. వాస్తు చూసే ఒకాయన వచ్చి, గేటు ఈశాన్యం మూలకు మారిస్తేనే ఇంటికి మంచిదని చెప్పాడు. ఆషాఢం వస్తే మళ్లీ పని మొదలుపెట్టడానికి లేదు కాబట్టి మామకు ఒకటే తొందర. చివరి పెళ్లి సామాను ఇంటికి చేరిన మర్నాడే మేస్త్రీని పిలిపించాడు. వారం తిరక్కుండా పాత గేటు పోయి అక్కడ గోడ లేచింది, ఈశాన్యంలో కొత్త గేటు వచ్చింది. కొబ్బరికాయ కొట్టాం, పాయసం తిన్నాం. లోపల నాలుగు ట్రాలీలు పక్కపక్కనే, బండికి తగిలించే మూతి పాత గేటు వైపే పెట్టి నిలబడి ఉన్నాయని ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, ఒప్పుకోవాలి. ఆషాఢమంతా ఆ కొత్త గోడ ముందే దండెం కట్టి బట్టలు ఆరేశాను.

ఆ ఆదివారం పొద్దున తెలిసింది. మర్నాడు కుకునూరుపల్లిలో పెళ్లి. మధ్యాహ్నానికల్లా సామాను అక్కడ దిగాలి. పనివాళ్లు గుంజలకు గుంతలు తవ్వడానికి అప్పటికే వెళ్లిపోయారు. మా ఆయన పెద్ద ట్రాక్టర్‌ను కొత్త గేటులోంచి దర్జాగా లోపలికి తెచ్చాడు, తెచ్చి ఆపేశాడు. ట్రాలీల మూతులకూ గోడకూ మధ్య ఆ పెద్ద బండి తిరిగే చోటే లేదు. ముందుకు పోతే గోడ, వెనక్కి వస్తే షెడ్డు స్తంభం.

మామ వెనక నిలబడి చెయ్యి ఊపుతూ "రానియ్, రానియ్, రానియ్" అని అరిచాడు. మామ గొంతు వింటే డ్రైవర్లకు ధైర్యం. ఎంత ఇరుకులోనైనా వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. ఆ రోజు మాత్రం "రానియ్" కాస్తా "ఆపు! ఆపు!" అయింది. టపీమని వెనక దీపం పగిలింది.

మా ఆయన దిగి చెమట తుడుచుకున్నాడు. "గోడ పగలగొడుదాం నాయినా, ఇంకేం లేదు."

మామ వాస్తు ఆయనకు ఫోన్ చేశాడు. "ఒక్క గంటసేపు పగలగొట్టి మళ్ల కడితే ఏమన్న దోషమా?" అని అడిగాడు. అవతల ఏం చెప్పారో వినపడలేదు గానీ, మామ ముఖం చూస్తే తెలిసిపోయింది. ముగ్గురం కలిసి ట్రాలీని చేతులతో తోద్దామని చూశాం. రాత్రి కురిసిన వానకు నేలంతా బురద. ట్రాలీ కదల్లేదు, మా ఆయన చెప్పు మాత్రం ఊడి బురదలో ఉండిపోయింది.

మామ వచ్చి షెడ్డు అరుగు మీద కూర్చున్నాడు. "నేను ఈ పని పెట్టుకున్నసంది ఒక్క పెండ్లికి లేటు కాలే" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తానే. నవ్వుదామనుకున్నదాన్ని, మానేశాను.

చాయ్ పెడదామని లోపలికి వెళ్లాను. మరిగిన గిన్నెను పటకారుతో పట్టుకుని పొయ్యి మీంచి నా వైపు లాగాను. లాగి అలాగే నిలబడిపోయాను. పటకారు మూతితో పోయింది, మూతితోనే పట్టింది, పోయిన దారినే వెనక్కి వచ్చింది. ఎక్కడా తిరగనే లేదు. ట్రాక్టర్‌కు కొక్కెం వెనకే ఎందుకుండాలి?

చాయ్ అక్కడే వదిలేసి పరుగెత్తాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. నా బండి ముక్కుకు కొక్కెం పెట్టిస్తే ముక్కుతోనే లోపలికి వస్తానని, ట్రాలీ మూతిని ముక్కుతోనే పట్టుకుని వచ్చిన దారినే గేటు బయటికి వెళ్తానని, రోడ్డు మీద పెద్ద ట్రాక్టర్‌కు తగిలించొచ్చని చెప్పాను. చెప్పడానికి చేతులు, మోచేతులు, పక్కనున్న చీపురు కూడా వాడాను.

"ముందర కొక్కెమున్న ట్రాక్టర్‌ను నా జన్మల సూడలే" అన్నాడు మామ.

"ట్రాలీలు లోపట పెట్టి గేటు మూసినోళ్లను నేను గూడ సూడలే మామా."

మా ఆయన గట్టిగా దగ్గాడు. మామ అరుగు మీంచి లేచి, "పో, పెట్టిచ్చుకరా" అన్నాడు.

అంతే, ఇంటి చీరలోనే బండెక్కాను. ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా నన్నే చూస్తున్నారు. చూడనీ. ఇన్ని నెలల తర్వాత స్టీరింగ్ నా చేతిలో ఉంది, మొహానికి గాలి తగులుతోంది, ఇంజన్ చప్పుడు నాకు పాటలా వినపడుతోంది. వెల్డింగ్ షాపు అప్పుడే తెరుస్తున్నారు.

"ముందు బంపర్‌కా? ఉల్టా అయితది గదక్కా" అన్నాడు వెల్డింగ్ అతను.

"ఉల్టానే కావాలె అన్నా. జల్ది చెయ్."

మందపాటి ఇనుప పట్టీ కోసి, ట్రాలీ పిన్ను దూరేంత బొక్క చేసి, బంపర్‌కు అతికించాడు. మెరుపులు చూడొద్దని ఎంత చెప్పినా వేళ్ల సందుల్లోంచి చూశాను. చల్లారేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? చెంబెడు నీళ్లు పోయించాను. అది చుయ్యిమంది. నేను బండిని ఇంటివైపు తిప్పాను.

నేను వచ్చేసరికి మా ఆయన పెద్ద ట్రాక్టర్‌ను బయట రోడ్డు మీద పెట్టాడు. మొదటిది పందిరి గుంజల ట్రాలీ. కొత్త గేటులోంచి ముక్కు ముందుపెట్టి వెళ్లి, గోడ వెంబడి తిరిగి, ట్రాలీ మూతి దగ్గర ఆగాను. మా ఆయన పిన్ను వేశాడు. వెనక గేరు వేసి క్లచ్ వదిలాను. ట్రాలీ మూతి నా ముక్కు వెంట కదిలింది! కానీ తోక షెడ్డు స్తంభం వైపు పోతోంది. మామ ఒకవైపు "ఎడమకు!" అంటాడు, మా ఆయన ఇంకోవైపు "కుడికి!" అంటాడు. ఇద్దరినీ నోరు మూసుకొమ్మన్నాను. నిజంగానే అన్నాను. తర్వాత నాలుక కరుచుకున్నాను గానీ, అప్పటికి ఇద్దరూ మూసుకున్నారు.

ఇంక నాకూ ట్రాలీకీ మధ్య ఎవరూ లేరు. అంతా నా కళ్ల ముందే జరుగుతోంది. స్టీరింగ్ ఇటు తిప్పితే మూతి ఇటు వస్తుంది, తోక అటు పోతుంది. మెడ తిప్పి గేటు చూస్తాను, మళ్లీ ముందుకు తిరిగి ట్రాలీ చూస్తాను. రెండడుగులు ముందుకు తోసి, నాలుగడుగులు వెనక్కి లాగి, మళ్లీ తోసి లాగాను. గుంజలు గేటుకు బెత్తెడు దూరంలోంచి బయటికి వచ్చేశాయి. రోడ్డు మీద బండి ఆపి, సీటు మీదే లేచి నిలబడి ఈల వేశాను. నాకు ఈల వేయడం వచ్చని మా ఆయనకు పెళ్లయిన పదిహేనేళ్లకు అప్పుడే తెలిసింది.

రెండోది వంటపాత్రలది, గుండిగలన్నీ గణగణలాడుతూ వచ్చింది. మూడోది నీళ్ల ట్యాంకరు, ఖాళీది కాబట్టి చులాగ్గా వచ్చింది. మా ఆయన బయట వాటిని పెద్ద ట్రాక్టర్‌తో రోడ్డు పక్కకు చేరుస్తున్నాడు. లోపల నేను, మామ, జనరేటరు మిగిలాం.

జనరేటరు కదల్లేదు. దాని బరువంతా నా బండి ముక్కు మీద పడి వెనక చక్రాలు తేలిపోతున్నాయి. బురదలో గిర్రున తిరిగి మామ పంచె నిండా చల్లాయి. జనరేటరు లేకపోతే పెళ్లిలో లైటు లేదు, మైకు లేదు. గోడ పగలగొట్టక తప్పదు, సాయంత్రం నా బండి పోకా తప్పదు. వెనక బరువు కావాలి. బరువైన సామానంతా రోడ్డు మీదికి వెళ్లిపోయింది. నేను మామ వైపు చూశాను. మా మామ మనిషి నిండుగా ఉంటాడు.

"మామా, ఎన్క ఎక్కు."

"నేనా? గా ఆటబొమ్మ మీదనా?"

"నిన్ను మించిన బరువు ఈడ ఇంకేం లేదు మామా."

రెండు మాటలు గొణిగాడు గానీ ఎక్కాడు. కూర్చోడానికి బండి వెనక కట్టి ఉన్న చెక్క మీద గేటు వైపు ముఖం పెట్టి, మడ్‌గార్డు పట్టుకుని కూర్చున్నాడు. క్లచ్ మెల్లగా వదిలాను. చక్రాలు ఒకసారి జారాయి, తర్వాత పట్టాయి. జనరేటరు ఊగి, మూలిగి కదిలింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అదీ నవ్వుతూనే.

సగం దూరం వచ్చేసరికి మామ జేబులో ఫోన్ మోగింది. బండి ఆపాను. అవతలి గొంతు నాకూ వినపడుతోంది. బండి తీసుకుపోయే ఆయనే. సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే వస్తానంటున్నాడు. నా చేతులు స్టీరింగ్‌కు అతుక్కుపోయాయి.

"ఇప్పుడొద్దు. బండి ఖాళీ లేదు" అన్నాడు మామ.

సాయంత్రమే వస్తానన్నాడు ఆయన.

మామ బురద పడ్డ పంచె వైపు ఒకసారి, గేటు అవతల వరసగా నిలబడ్డ మూడు ట్రాలీల వైపు ఒకసారి చూశాడు. "సాయంత్రం గూడ లేదు. ఏమనుకోకు పటేలా. మా ఇంట్ల దానికి పని ఉన్నది."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నా వైపు తిరగలేదు. పెళ్లికొడుకు బారాత్‌లో వెళ్లినట్టు నిటారుగా కూర్చుని, ఒక చేత్తో మడ్‌గార్డు పట్టుకుని, రెండో చెయ్యి గేటు వైపు చాపాడు. ఇన్నేళ్లూ పెద్ద పెద్ద డ్రైవర్లకు మాత్రమే చెప్పిన మాట మొదటిసారి నాకు చెప్పాడు.

"రానియ్ బిడ్డా, రానియ్."