ముఖం పెద్దగా కనిపించే ఫోను

పాత ఫోన్ పాడైందని ఇంట్లో పోరు పెట్టింది నేనే. పుణెలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి సాయంత్రం బస్సులోంచి ఫోన్ చేస్తే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. రూముకు చేరాక వీడియో కాల్ చేస్తే మాత్రం అంతా తెలిసేది. కాబట్టి తప్పు ఫోన్‌దే, చెవి దగ్గర పెట్టుకునే స్పీకర్ పోయిందని తేల్చేశాను. వీడియో కాల్‌లో అమ్మాయి ఎప్పుడూ ట్యూబ్‌లైట్ కింద, నిటారుగా, ఎదురుగా కూర్చునేది. "టీవీల వార్తలు సదివేదాని తీరు కూసుంటవేందే" అని ఆటపట్టించేవాణ్ణి. నవ్వి ఊరుకునేది.

మరాఠీ గడ్డ మీద తెలుగు నేతగాళ్లుండే మా నీలం నగర్‌లో మెల్లగా మాట్లాడే మనిషి దొరకడు. పొద్దున లేస్తే పవర్‌లూమ్‌ల మోత. మేం వాటిని సాంచాలంటాం. కార్ఖానా లోపల ఎంత అరిచినా పక్క మనిషికి వినబడదు కాబట్టి, ఒకరి పెదవులు ఒకరం చూసుకుని మాట్లాడుకుంటాం. పోగు తెగిందన్నా, చాయ్ వచ్చిందన్నా, సేటు వస్తున్నాడన్నా పెదవుల మీదే. అలా చదువుతున్నామని కూడా మాకు తోచదు. విన్నామనే అనుకుంటాం.

సాంచాలకు సెలవున్న రోజు నేనూ, ఇంట్లో బీడీలు చుట్టే మా ఆవిడా జోడ్‌భావి పేట్‌లో ఒక ఫోన్ల దుకాణానికి వెళ్లాం. అక్కడ పనిచేసే అమ్మాయి మన తెలుగు పిల్లే. మూడు ఫోన్లు ముందు పెట్టి, కెమెరా, బ్యాటరీ, మెమరీ అంటూ ఫోన్లోకి చూస్తూ ఏకరువు పెట్టింది. తల వంచుకుని నోట్లోనే మాట్లాడుకునే పిల్లలంటే నాకు ఒళ్లు మంట.

"జర పైకి జూసి చెప్పు బిడ్డా" అన్నాను.

నాకు కావలసింది మాట వినబడే ఆవాజ్ ఒక్కటే. మా ఆవిడను బయట రోడ్డు మీదికి పంపి, నా సిమ్ ఒక్కో ఫోన్లో వేయించి, తనను ఫోన్ చేయమన్నాను. తను రోడ్డు వైపు తిరిగి మాట్లాడింది. మొదటి ఫోన్లో గోడ అవతల ఎవరో గొణిగినట్టుంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"మూడూ బేకార్" అని ఆ పిల్ల చేతికిచ్చేశాను.

పిల్ల తన చెవి దగ్గర పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ విసుగ్గా అద్దం తలుపు వైపు తిరిగింది. ఏమందో నేను ఇక్కడి నుంచే చూశాను.

"మంచిగనే వస్తున్నది కాకా. 'ఎంతసేపయ్యా, నా బీడీలన్ని అట్లనే ఉన్నయ్' అంటున్నది కాకూ" అంది పిల్ల. కాకూ అంటే పిన్ని, మా ఆవిడే.

అక్షరం పొల్లుపోలేదు. నేను చూసిందీ అదే. ఫోన్ మళ్లీ తీసుకుని చెవికి ఆనించాను. మా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. కళ్లు మూసుకున్నాను, మాట పోయింది. తెరిచాను, వచ్చింది. ఇంకోసారి మూసి చూశాను.

ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. తిమ్మిరెక్కిన చెయ్యి మనది కాదన్నట్టు వేలాడుతుంది చూడండి, ఒళ్లంతా అలా ఉంది. పిల్ల మాత్రం పాపం, ఏ ఫోన్ ఇమ్మంటారని అడుగుతూనే ఉంది.

"ముఖం పెద్దగ కనవడేది ఇయ్యి" అన్నాను.

ఇంటికి రిక్షాలో వస్తుంటే మా ఆవిణ్ణి అడిగాను. "నీకు ఎర్కేనా?"

తను పక్కన కూర్చున్నదల్లా ముందుకు వంగి, నా ముఖంలో ముఖం పెట్టింది. ఏం చెప్పాలన్నా అలాగే ముందుకొచ్చి నిలబడేది. అది తన తీరు అనుకునేవాణ్ణి.

"ఎర్కనే" అంది.

"మరి చెప్పలే?"

"నువ్వు ఫోన్ను తిడుతుంటివి. తిట్టనీ అనుకున్న."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను తిడుతుంటే, తను మద్దెల వైపు నిలబడకుండా ఊరుకుందన్నమాట. కోపం తెచ్చుకుందామని చూశాను. అదీ రాలేదు.

సాయంత్రం అమ్మాయి వీడియో కాల్ చేసింది. కొత్త ఫోన్ నిండా దాని ముఖమే. ట్యూబ్‌లైట్ కింద, నిటారుగా, ఎదురుగా కూర్చుంది. ఎందుకలా కూర్చుంటుందో ఆ రోజు తెలిసింది. నేను ఆటపట్టించలేదు.

"కొత్త ఫోన్ల మంచిగ వినవడ్తున్నదా నాయినా?"

"నువ్వు పెద్దగ కనవడ్తున్నవ్ బిడ్డా" అన్నాను.

అమ్మాయి నవ్వబోయి తల వంచుకుంది. పెదవులు కనబడకుండా వంచుకునే ఏదో చెప్పింది, చాలాసేపు చెప్పింది. నా పక్కన మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. దుకాణంలో పిల్లతో అన్నట్టు, జర పైకి జూడు అని నా కూతురితో అనలేకపోయాను. అదేమన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.