పైకి లేవని చేతులు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు! నా పేరు కరుణ, మాది కోడూరు, రొయ్యల షెడ్డులో తలలు తీసే పని నాది. మైకు పట్టుకోవడం ఇదే మొదటిసారి, ముందుది వెనక చెబితే ఏమనుకోకండి.

పోయిన ఎండాకాలంలో నా వేళ్ల కణుపుల మీద ఎర్రగా మచ్చలు తేలాయి. షెడ్డులో ఎవరి చేతులు బాగుంటాయి గనుక, రొయ్య పడటం లేదేమో అనుకున్నాను, కొబ్బరినూనె రాశాను, ప్రార్థన నూనె కూడా రాశాను. తర్వాత కనురెప్పలు ఊదారంగు తిరిగి ఉబ్బాయి, చూసినవాళ్లంతా "ఏమ్మా, ఇంట్లో గొడవా?" అనేవారు, పాపం చీమకు కూడా హాని చేయని మా ఆయనకు చెడ్డపేరు! ఆపైన చేతులు పైకి లేవడం మానేశాయి, జడ వేసుకోలేను, ఆరాధనలో అందరూ చేతులెత్తి స్తుతిస్తుంటే నేనొక్కదాన్నే ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని.

పాస్టరమ్మగారు "దేవుడి మీద అలిగావా కరుణా?" అన్నారు. అలిగానేమో అని నాకే అనుమానం వచ్చింది! ఇది జబ్బా, పాపమా, రొయ్యలా, ఏమీ తెలియలేదు. "ప్రభువా, ఈ మచ్చలు తీసెయ్యి, నిన్ను స్తుతించే చేతులే కదా" అని ఉపవాసముండి ఏడ్చాను. మచ్చలు ఇంకా ఎక్కువయ్యాయి. ఇదేం జవాబు తండ్రీ అని పోట్లాడాను.

చివరికి మా ఆయన బందరులో చర్మం డాక్టరమ్మకు చూపించాడు. ఆవిడ నా వేళ్లు చూసి, రెప్పలు చూసి, చేతులెత్తమన్నారు, నేను ఎత్తలేకపోతే కడుపు స్కానింగ్ రాశారు. నాకు తిక్క రేగింది.

"చేతులు చూపిస్తే కడుపు స్కానింగ్ ఏంటండీ?"

"లోపల దాక్కున్న జబ్బు ఒక్కోసారి ఇలా పైకి కనిపిస్తుందమ్మా. వెతికి చూద్దాం."

అండాశయం మీద గడ్డ ఉంది సహోదరులారా, క్యాన్సర్! కడుపులో నొప్పి లేదు, ఏ బాధా లేదు, ఆ మచ్చలూ, లేవని చేతులూ తప్ప! ఇంకా పక్కలకు పాకలేదన్నారు. ఆపరేషన్ చేశారు, కీమో ఎక్కించారు, జడ వేసుకోలేనని ఏడ్చినదానికి అసలు జడే లేకుండా పోయింది.

నేను తీసెయ్యమన్న మచ్చల్ని దేవుడు తియ్యలేదు. తీసేసి ఉంటే హాయిగా షెడ్డుకు పోయేదాన్ని, లోపలిది లోపలే పెరిగేది. మరి మా పక్కింటి అక్క ఏ మచ్చా రాకుండానే ఇదే జబ్బుతో ఎందుకు పోయింది? నాకు తెలియదు, ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. అర్థమయ్యాక నమ్ముదామని ఆగకండి, నాకే ఇంకా అర్థం కాలేదు. ప్రార్థన చేయండి, ఒంటి మీద కొత్తగా ఏది కనిపించినా డాక్టరుకూ చూపించండి.

పాస్టరమ్మగారూ, ఈ మైకు ఒక్క నిమిషం పట్టుకోండి. గడ్డ తీశాక మెల్లగా బలం తిరిగొస్తోంది, కుడిచెయ్యి ఇప్పుడు పూర్తిగా లేస్తుంది, ఎడమది ఇంకా చెవి దాకానే వస్తుంది. అలగలేదండీ, చూడండి, ఎత్తుతున్నాను. దేవునికే మహిమ!