తఫీదా వంకాయల బుట్ట

మా సందులో ఏ ఆడదానికి కడుపు నిలవకపోయినా, ఏ బాలింతకి పాలు పడకపోయినా అందరూ ఆడిపోసుకునేది ఒక్కరినే: తఫీదాని. సంతలో వంకాయలమ్మే ఆవిడ పక్కనే కూర్చుని నేను ఉప్పు జున్ను అమ్ముతాను. కాబట్టి ఆ మసి నాకూ కొంచెం అంటింది. అంటనీ, నాకేం భయం!

ఇంతకీ ఆవిడ చేసిన పాపమేంటో చెప్తాను. రతీబా తన కొడుకు రిఫాత్‌కి పెళ్ళి చేసింది. కోడలు ఇన్సాఫ్, నోట్లో నాలుక లేని పిల్ల. పెళ్ళయ్యాక నెలవంక పొడిచేదాకా పెళ్ళికూతురి గదిలోకి వంకాయలు తీసుకెళ్ళకూడదు. పచ్చిమాంసం తీసుకెళ్ళకూడదు. అప్పుడే గడ్డం గీయించుకున్న మగాడు అడుగు పెట్టకూడదు. పెడితే పిల్ల కడుపు కట్టుబడిపోతుంది. ఇది మా నైలు ఒడ్డున పసిపిల్లలకి కూడా తెలుసు. తఫీదాకి తెలీదా? తెలుసు. కానీ పెళ్ళైన వారంలోపే ఒకరోజు సంత నుంచి వస్తూ, పెళ్ళికూతుర్ని చూడాలన్న సంబరంలో నెత్తిమీద బుట్ట సంగతే మర్చిపోయి గదిలోకి దూరింది. బుట్ట నిండా నల్లటి వంకాయలు. రతీబా పెట్టిన కేకకి సందంతా పోగైంది.

ఏడాది తిరిగింది, ఇన్సాఫ్ కడుపు పండలేదు. ఇంకో ఏడాదీ అంతే. ఇక చూడాలి రతీబా నోరు! "నా వంశం మీద వంకాయలు పోసింది, దాని చేతులు పడిపోను!" అని రోజూ పొద్దున్నే మొదలు. తఫీదా మొగుడు పోయాక ఒంటిచేత్తో ముగ్గురు ఆడపిల్లల్ని పెంచి పెళ్ళిళ్ళు చేసిన మనిషి. నవ్విందంటే సంత ఆ చివరిదాకా వినిపించేది. అలాంటిది, ఎదురొస్తే ఆడవాళ్ళు ముసుగు లాక్కుని పక్కకి తప్పుకుంటుంటే, నవ్వడమే మానేసింది. నాకు ఒళ్ళు మండిపోయేది.

చివరికి ఇన్సాఫ్‌ని పట్నంలో డాక్టరమ్మకి చూపించారు. "పిల్లకి ఏ లోపమూ లేదు. ఈసారి మీ అబ్బాయిని తీసుకురండి," అందావిడ. రిఫాత్ చిందులు తొక్కాడు. "నన్ను పరీక్ష చేస్తుందా? నేను మగాణ్ణి కానా? దానికి నా మీసం కనబడలేదా?" అని. మీసం! మీసంతో పిల్లలు పుట్టేట్టయితే మా గండుపిల్లి ఈపాటికి ఎన్ని ఈతలు ఈనేదో!

రతీబా తీర్పు చెప్పేసింది. "కట్టు వేసినదాని చేతే విప్పిస్తా. రంజాన్ లోపల కడుపొచ్చిందా, సరే. లేదా, దీన్ని పుట్టింటికి తోలేసి ఇంకో కోడల్ని తెచ్చుకుంటా." కట్టు విప్పడమంటే, శుక్రవారం నమాజు పిలుపు వినబడే వేళకి అదే మనిషి అదే వస్తువు తెచ్చి గడపలో పెట్టాలి. కట్టుబడ్డ పిల్ల దాన్ని దాటాలి.

ఆ శుక్రవారం వాకిలి నిండా ఆడవాళ్ళమే. మసీదుకు పోవాల్సిన రిఫాత్ కూడా గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తఫీదా వచ్చి బుట్ట దించింది. ఇన్సాఫ్ కాలెత్తింది.

"ఆగమ్మాయ్," అంది తఫీదా. "రతీబా, నా వంకాయలు నేను తెచ్చాను. మరి నీ కొడుకు గడ్డం కత్తి ఏదీ?"

"కత్తేంటే, నీకేమన్నా మతిపోయిందా?"

"ఆ రోజు నా వెనకాలే నీ కొడుకూ గదిలోకొచ్చాడు. మంగలి దగ్గర్నుంచి తిన్నగా వచ్చాడు, చెవి కింద సబ్బు నురగ కూడా ఆరలేదు. వంకాయ కడితే కత్తి కట్టదా?"

"చూశాం, చూశాం! నేనూ చూశాను!" అని అరిచాను. మంగలి పెళ్ళాం కూడా తలూపింది.

"థూ! మీ నోళ్ళలో పురుగులు పడ! నా కొడుకు తన పెళ్ళాం గదిలోకి తాను పోతే దోషమా? మగాడికి దోషమేంటే, బుద్ధిలేనిదానా!"

"ఈ ఆచారం నేను పెట్టలేదు తల్లీ. ఇన్నేళ్ళుగా నువ్వేగా నాకు పాఠం చెప్తున్నావు!"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం రతీబా. ఇంకా ఏదో తిట్టబోతుంటే ఇన్సాఫ్ చటుక్కున లోపలికెళ్ళింది. గూట్లోంచి కత్తి తెచ్చి బుట్ట పక్కన పెట్టింది. ఆ ఇంట్లో అంతమంది ముందు ఆ పిల్ల నోరు విప్పగా నేను వినడం అదే మొదటిసారి.

"రావయ్యా," అంది మొగుడితో. "ఇద్దరం కలిసి దాటుదాం. ఆ తర్వాత ఇద్దరం కలిసే డాక్టరమ్మ దగ్గరకి పోదాం."

రిఫాత్ మొహం కందగడ్డైంది. కత్తిని ఒక్క తన్ను తన్నాడు. అది ఎగిరి నీళ్ళకుండ కింద పడింది. "ఆడంగుల ముందు నా పరువు తీస్తావా?" అన్నాడు.

"నువ్వు దాటకపోతే నేనూ దాటను."

అలా అని వంకాయలన్నీ ఒళ్ళో వేసుకుని వంటింట్లోకి పోయి తలుపు గడియ పెట్టుకుంది. కాసేపటికి వేపుడు వాసన! వెల్లుల్లి, వెనిగర్, పచ్చిమిర్చి ఘాటు! పెళ్ళైన నాటినుంచీ ఆ ఇంట్లో వంకాయ పేరెత్తనివ్వలేదు మరి. రతీబా తలుపు బాదీ బాదీ అలిసిపోయింది. ఇన్సాఫ్ పళ్ళెంతో బయటికొచ్చి తఫీదాకి రొట్టెలో పెట్టిచ్చింది, నాకూ ఇచ్చింది, తానూ తింది. ముగ్గురం గడపలోనే కూర్చుని తిన్నాం. నాకు ఏడుపాగలేదు, మిర్చి వల్ల కాదు. ఆ పిల్ల చేతులు కడుక్కుని, బట్టలు మూటగట్టుకుని పుట్టింటికి నడిచిపోయింది.

రంజాన్ వెళ్ళగానే కొత్త కోడలొచ్చింది. నెలవంక పొడిచేదాకా రతీబా కర్ర పట్టుకుని గది ముందు కాపలా కూర్చుంది. సందులోకి వంకాయ రాలేదు, మాంసం రాలేదు. రిఫాత్ గడ్డం గీయకుండా ఎలుగుబంటిలా తిరిగాడు. ఏడాది గడిచింది, రెండో ఏడూ గడుస్తోంది. ఏమీ లేదు.

మొన్న రతీబా సంతకొచ్చి మా ముందు నిలబడింది. మనిషి సగమైపోయింది, నోరు మాత్రం అలాగే ఉంది. "నిజం చెప్పండే. నా కళ్ళుగప్పి ఆ గదిలోకి ఎవత్తె దూరింది? నువ్వా, ఇదా?"

తఫీదా వంకాయలు తూచడం ఆపలేదు.

"మేమెవరం రాలేదు రతీబా," అంది. "నీ కొడుకొక్కడే వచ్చాడు."