నడుమ ఊడిన పోగులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే పొయ్యి మీదికి మొదట ఎక్కేది చాయ్ గిన్నె కాదు, మా అవ్వ చేతులకు నీళ్లు. ఆత్మకూర్ పక్క ఊరు మాది, మగ్గం నేసే ఇల్లు. నాయినను కన్న మా అవ్వకు రెండు బొటనవేళ్ల మొదట్లో కీళ్లు వాచి గుబ్బలు కట్టాయి. చెంబు ఒంటి చేత్తో ఎత్తలేకపోయేది, తాళం తిప్పలేకపోయేది. గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి, ఒక పాత గుడ్డ ఉండను మెల్లగా పిసికేది, వదిలేది, మళ్లీ పిసికేది. గరిటె కాడ సన్నగా ఉంటే పట్టు దొరకదని దానికి పేలిక చుట్టుకుంది. నేను వెనక నిలబడి ఆ పిసుకుడును వెక్కిరిస్తూ చేసి చూపిస్తే మా చెల్లె పడీపడీ నవ్వేది.

అవ్వ ఆరాటమంతా ఒక్క పని కోసమే. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. పట్టు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలు కలిపి మెలితిప్పాలి. అట్లా వేలకొద్దీ పోగులు. పెళ్లై వచ్చిన నాటి నుంచి అది ఆమె పని. "ఊకె కూసోని తింటే ముద్ద దిగుతదా?" అనేది. వేళ్లు మొరాయించాక ఏడాదిపాటు దానికి దూరమైంది. ఆ ఏడాదంతా గుడ్డ పిసికీ పిసికీ కొంత పట్టు తెచ్చుకుంది. బొటనవేలికి పని చెప్పకుండా, చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య పోగు పెట్టి తిప్పడం తనకు తానే నేర్చుకుంది. ఈ ఒక్కసారి చూద్దామని నాయిన ఒప్పుకున్నాడు.

ఆ రోజు అవ్వ ఒక అంచు నుంచి మొదలుపెట్టింది, నేను రెండో అంచు నుంచి. నాకు పదేళ్లు. వేళ్లు చురుకు, పొగరు అంతకంటే చురుకు. నేను సగం దాటి ఆమె వైపుకు వచ్చేసరికి ఆమె ఇంకా మూడో వంతు దగ్గరే ఉంది. బయట నా ఈడు పిల్లలు ఆటకు పిలుస్తున్నారు. చివరికి మిగిలిన నడుమ పోగులను బూడిద కూడా అద్దకుండా, ఒక్క తిప్పు తిప్పి వదిలేసి పరుగెత్తాను.

మర్నాడు నాయిన పడుగును ముందుకు లాగుతుంటే నడుమ పోగులు జలజలా ఊడొచ్చాయి. "ఎవరు అతికిన్రు గివి?" అన్నాడు.

"అవ్వ చేతి ఏళ్లు పట్టయి గద నాయినా" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో! నాలుక తడబడనైనా లేదు.

అవ్వ వచ్చి వంగి చూసింది. ఆమె తిప్పిన అతుకుల తోకలు ఒక వైపుకు పడతాయి, నావి ఇంకో వైపుకు. పైగా ఆ కొసలకు బూడిద మరకే లేదు. అవి ఎవరివో ఆమెకు ఒక్క చూపులో తెలిసింది. నా మొహం చూసింది. నేను తల దించుకున్నాను.

"అవు కొడకా, నాయే. పట్టు తప్పినట్టున్నది" అంది.

నాయిన కోప్పడలేదు. "ఇగ నువ్వు పడుగు కాడ కూసోకమ్మా, జర ఆరాం చెయ్" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఏడాది కష్టం ఆ మెత్తని మాటతో తుడిచిపెట్టుకుపోయింది. అవ్వ లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున మళ్లీ నీళ్లు పొయ్యి ఎక్కాయి. వెక్కిరించడానికి మొహం చెల్లక పక్కన కూర్చున్నాను. ఇంకెందుకవ్వా గిది అని అడిగితే, చెంబు ఎత్తుకోవద్దా అని నవ్వింది. నా చేయి పట్టుకుని నీళ్లలోని గుడ్డ మీద పెట్టింది. "గట్టిగ గాదు బిడ్డా. నొప్పి లేవకముందే ఆగాలె. గట్లయితెనే రేపు మల్ల పట్టుకుంటవ్" అంది. తర్వాత కాస్త బూడిద, రెండు పోగులు తెచ్చి, నాకు సరిగ్గా వచ్చేదాకా అతకడం నేర్పింది. "నీ ఏళ్లల్ల తాకత్ ఉన్నది, నిలకడ లేదు" అని మాత్రం అంది. నిన్నటి సంగతి ఎత్తనే లేదు.

పని బాగా వచ్చాక నాయినకు నిజం చెబుదామనుకున్నాను. పని వచ్చింది గానీ నోరు రాలేదు. అవ్వ ఇంకో నాలుగేళ్లు బతికింది. కొత్త పడుగు వచ్చినప్పుడల్లా గడప దగ్గర వత్తులు చేసుకుంటూ మా దిక్కు చూసేది. ఆమె జాగాలో నేను కూర్చునేదాన్ని. నీ అతుకు ఊడదే అని నాయిన మెచ్చుకుంటుంటే నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించేది.

ఇప్పుడు నా బొటనవేళ్లకూ అవే గుబ్బలు. మొన్న దవాఖానలో కసరత్తులు నేర్పే పిల్ల గోరువెచ్చని నీళ్లలో మెత్తని స్పంజి పిసకమంది, కాడలకు గుడ్డ చుట్టుకోమంది, నొప్పి రాకముందే ఆపమంది. నా చేతులు చూసి, "మీకు ముందే తెలిసినట్టున్నది, ఎవరు నేర్పిన్రమ్మా?" అని అడిగింది. మా అవ్వ అన్నాను.

స్పంజి వాడను నేను. పాత చీర ముక్కనే ఉండ చుట్టుకుంటాను. రోజూ పొద్దున దాన్ని పిసుకుతూ, అప్పుడు అనవలసిన మాటను ఇప్పుడు అంటుంటాను. వినడానికి అవ్వ లేదు, నాయినా లేడు.

నాయినా, ఆ నడుమ పోగులు అవ్వ అతికినవి కావు. నేను అతికినవి.