బాబాయి తలూపిన పేరు

మా బాబాయి బస్టాండులో అనౌన్సర్. నత్తి ఉన్నవాడికి అదేం ఉద్యోగమని నవ్వకండి. గోడవైపు తిరిగి మైకు పట్టుకుంటే ఆయన మాట గడగడా సాగేది. ఎదుట మనిషి మొహం కనిపిస్తే చాలు, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేది.

ఆ నత్తికి ఇంట్లో తలా ఒక కారణం చెప్పేవారు. ఎడమచేతివాటం మాన్పించినందుకని నానమ్మ, ఊయల్లో ఉండగా అద్దం చూపించినందుకని మేనత్త. తమ్ముడి వాటా మాటలు కూడా తనే వాడేసుకున్నానని నాన్న గర్వంగా ఒప్పుకునేవాడు. బాబాయిని మాత్రం ఎవరూ అడగలేదు. నేనడిగితే తంటాలుపడి చెప్పాడు.

"తె... తెలీదమ్మా. మాట గుమ్మందాకా వస్తుంది. అక్కడ ఎవరో అడ్డంగా నిలబడి ఉంటారు."

ఓపిక లేనివాళ్లు ఆయన మాటను తామే పూర్తిచేసేవారు. తప్పయినా బాబాయి తలూపేసేవాడు. చక్కెర లేని టీ అడగబోయి చల్లటి సోడా తాగిన మనిషి.

ఉద్యోగంలో చేరిన రోజు కూడా అంతే. అంతకుముందు అదే ఉద్యోగానికి నాన్న దరఖాస్తు పెట్టి, బద్ధకించి వెళ్లలేదు. అన్నదమ్ములిద్దరి పేర్లకూ మొదటి అక్షరం ఒకటే. బాబాయి ఆ అక్షరం దగ్గర ఆగగానే గుమస్తా ఫైలు చూసి నాన్న పేరు అందించాడు. బాబాయి తలూపాడు. ఉత్తమ ఉద్యోగికిచ్చిన గోడగడియారాన్ని కూడా, పేరు తనదే కదా అని నాన్నే వెళ్లి తెచ్చుకున్నాడు.

నాన్న ఐదేళ్లు పెద్ద. దాంతో, కాగితాల్లో ఉన్న నాన్న వయసు లెక్కన, బాబాయికి రిటైర్మెంటు ఐదేళ్లు ముందే వచ్చిపడింది. ఆయన మాట సాగేది ఆ మైకు ముందే, అదీ పోతే ఎలాగని నాకు ఏడుపొచ్చింది. బాబాయి అసలు పేరు సొంత నోటితో, తన ఎదుటే చెబితే కాగితాలు మారుస్తానన్నాడు బస్టాండు మేనేజరు. బాబాయి, నాన్న, నేను ముగ్గురం వెళ్లాం.

బాబాయి నోరు తెరిచాడు. అక్షరం ఆగింది. మేనేజరు ఒక పేరు అందించాడు. అలవాటు కొద్దీ బాబాయి తల వంగబోయింది. వెంటనే రెండు చేతులతో గడ్డం పట్టుకుని ఆపేశాడు. మేనేజరు ఇంకో ఏడు పేర్లు, గుమ్మం దగ్గర ప్యూను రెండు పేర్లు అందించారు. నాన్న కూడా అందించబోతే కాలు తొక్కాను. భోజనం వేళ దాటింది. చివరికి పేరు వచ్చింది, పూర్తిగా.

మేనేజరు రాసుకుని, "ఇంత మంచి పేరు ఇన్నేళ్లూ ఎందుకు దాచారండీ?" అన్నాడు.

"దా... దా..." అని బాబాయి ఆగాడు. మేనేజరు పెన్ను కింద పెట్టి, ఈసారి ఏమీ అందించకుండా కూర్చున్నాడు.

"దాచలేదండీ. ఎవరూ చివరిదాకా వినలేదు."