గట్టు మీద దిగని జెట్టు

పాఠకులకు, విమానాలు తయారుచేసే దొరలకు, భీమవరం చుట్టుపక్కల రొయ్యలన్నిటికీ నా సాష్టాంగ క్షమాపణలు. మా పక్కింటి మావయ్యగారు ఈ నెల మొదట్లో, ఒక మంగళవారం పొద్దున్నే పోయారు. అలాంటి పెద్దమనిషి గురించి రాయాల్సినచోట నేను ఒక జెట్ విమానం గురించి రాయబోతున్నాను. ఏం చెయ్యను, ఆయన్ని తలుచుకుంటే ముందు అదే వచ్చి వాలుతోంది.

తొంభైల మొదట్లో, రొయ్య బంగారంలా పలికే రోజుల్లో, మావయ్యగారు మద్రాసులో ఎగుమతిదారుల మీటింగుకి వెళ్ళి ఒక రంగుల పుస్తకం పట్టుకొచ్చారు. పెద్ద కంపెనీల వాళ్ళు సొంతానికి కొనుక్కునే విమానం గురించి. మరీ చిన్నదీ కాదు, మరీ పెద్దదీ కాదు, ఎనిమిది సీట్లది. ఆయనకి ఇంగ్లీషు రాదు. అప్పట్లో నేను కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఇంజనీరంటే ఇంజన్లన్నీ తెలిసినవాడని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనూ పాడుచెయ్యలేదు. సెలవులకి వచ్చినప్పుడల్లా ఆయన రొయ్యల చెరువు షెడ్డులో కూర్చుని పేజీ చొప్పున తెలుగులో చెప్పేవాణ్ణి.

“ఇంజన్లు తోక దగ్గర పెట్టారేంట్రా అల్లుడూ?”

“లోపల కూర్చున్నవాళ్ళకి చప్పుడు తగ్గుద్దండి.”

“ఆయ్. మన పడవ మోటారులాగే. తెలివైనోళ్ళే.”

ఆ విమానం ఎలా పుట్టిందో చెప్పే పేజీ అంటే ఆయనకి ప్రాణం. కంపెనీ ముందు ఒక బుల్లి జెట్ చేసింది. అందులో నిలబడితే తల పైకప్పుకి తగిలేదట. దాంతో ఒళ్ళు సాగదీశారు, కొత్త రెక్కలు కట్టారు, ఇంకా బలమైన ఇంజన్లు తగిలించారు, మంచులోనూ ఎండలోనూ ఏళ్ళ తరబడి ఎగరేసి చూశారు. “రొయ్య పెంకు విడిచి పెరిగినట్టే కదరా!” అన్నారు మావయ్యగారు. మా కాలేజీలో ఏ ప్రొఫెసరూ ఏ సంగతీ ఇంత తేలిగ్గా చెప్పగా నేను వినలేదు. మామూలు విమానాలకంటే ఎత్తున, మబ్బుల గొడవ లేనిచోట ఎగురుతుందని చదివిన రోజు నుంచి, ఆకాశంలో ఏ చప్పుడైనా తలెత్తి, “మనది ఇంకా పైన పోద్ది” అనేవారు.

ఆయన కోరిక షికారు కాదు. మద్రాసు నుంచి వ్యానులో వచ్చే రొయ్యపిల్ల దారిలోనే బోలెడు చచ్చేది. సీట్లు పీకేసి పిల్ల పెట్టెలు పేరిస్తే చిటికెలో ఊరు చేరతాయి. మరి దిగేదెక్కడ? చెరువుల పక్కన మైలుకి కాస్త తక్కువ గట్టు. రొయ్య పట్టిన రోజున లోడు లారీని మోసే గట్టు జెట్టుని మొయ్యదా? చక్రాలకి గట్టు చాలు, రెక్కలు నీళ్ళ మీద వేలాడితే ఎవరికి నష్టం? నేను తర్వాతి పేజీ తిప్పాను.

అడ్డమల్లా గట్టు వారనున్న ఇరవై రెండు కొబ్బరిచెట్లు. అత్తయ్యగారు కాపురానికి వచ్చిన ఏడు నాటి, కాలవ నీళ్ళు బిందెలతో మోసి పెంచినవి. మావయ్యగారు గట్టంతా తాడుతో కొలిచి, కొట్టేయడానికి గుర్తుగా ప్రతి చెట్టుకీ సున్నం గీత పెట్టారు. సోమవారం గొడ్డళ్ళు వస్తాయన్నారు. అత్తయ్యగారు ఆయనతో మాట మానేశారు. వంట మానలేదు, ఉప్పు మానేశారు.

ఆదివారం మావయ్యగారు నన్ను పిలిచారు. “అల్లుడూ, ఆఖరి మాట. దిగడానికి ఎంత నేల కావాలంటున్నాడు పుస్తకంలో?”

అత్తయ్యగారు టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడిపోయారు. ఆవిడ నన్ను చూడలేదు. చెట్లను చూస్తున్నారు.

“ఎనిమిది వేల అడుగులండి.”

“ఎనిమిదా?”

“ఆయ్.”

ఆయన పుస్తకం వైపు చాలాసేపు చూశారు. “అయితే మన గట్టు చాలదన్నమాట” అని టీ తాగారు. గొడ్డళ్ళు రాలేదు. తర్వాత రొయ్యకి తెగులొచ్చింది, చెరువుల్లోకి చేపలొచ్చాయి. గట్టు మాట మళ్ళీ ఎత్తలేదు గానీ, తలెత్తి చూడ్డం మాత్రం మానలేదు.

ఆయన పోయిన పదో రోజున అత్తయ్యగారు ఆ పుస్తకం నా చేతిలో పెట్టారు. “నీకిమ్మన్నార్రా.” చివరి పేజీలో ఒక అంకె కింద పెన్సిలు గీత. ఐదు వేల అడుగులు. పక్కన ఆయన చేతిరాతలో గట్టు పొడుగు, ఐదు వేల రెండొందలు. కింద తీసివేత. మిగులు రెండొందలు.

“అత్తయ్యగారూ, మావయ్యగారికి ఇంగ్లీషు రాదు కదండీ?”

“అంకెలకి ఇంగ్లీషెందుకురా? పాతికేళ్ళు కాటా దగ్గర నిలబడ్డ మనిషి.”

అప్పటి నుంచి నా బుర్ర పనిచెయ్యడం లేదు. ఆ లెక్క నన్ను అడగకముందు వేశారా, తర్వాతా? ముందే వేస్తే నన్నెందుకు అడిగినట్టు? తర్వాతైతే ఒక్క మాటైనా తిట్టలేదేం? గొడ్డళ్ళని పరువుగా వెనక్కి పంపడానికి ఆయనకి ఒక ఇంజనీరు కావలసొచ్చాడా? ఇన్నేళ్ళుగా ఆయన్ని బోల్తా కొట్టించానని లోపల్లోపల నవ్వుకున్నవాణ్ణి, ఇప్పుడు బోల్తా పడిందెవరో తేల్చుకోలేకపోతున్నాను.

పోయిన రోజున ఆయన్ని ఆ గట్టు మీదుగానే తీసుకెళ్ళాం. సున్నం గీతలున్నచోట అత్తయ్యగారు ఏటా పసుపు రాసేవారు. ఇరవై రెండు మొదళ్ళూ పచ్చగా ఉన్నాయి. పైనెక్కడో విమానం చప్పుడైంది. పాడె మోస్తూనే తలెత్తాను. కొబ్బరాకులు అడ్డమొచ్చి ఏమీ కనిపించలేదు.

కాబట్టి మొదట్లో చెప్పిన క్షమాపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నేను చేసింది ఒక్కటే. పుస్తకంలో ఐదు వేలని ఉంటే, ఎనిమిది వేలని చదివాను.